ఏ చదువు? ఎవరి కొరకు?
మన క్రైస్తవ కళాశాలలలో చదువు నెన్నుకొనిన చరిత్ర

శత వార్షికోత్సవ సంచికకు చారిత్రక వ్యాసమొకటి వ్రాయుమని సంపాదక వర్గము వారు కోరినప్పుడు, దేవాలయముల నిర్మాణమును గూర్చియు, తొలి మిషనెరీలను గూర్చియు వ్రాయగల పెద్దలు మనలో అనేకులున్నారు గనుక, మేము మరియొక సంగతి నెత్తుకొనుటకు సాహసించితిమి. ఏటేట మే, జూన్ మాసములలో ఆదివార ఆరాధన ముగిసి గుడి మెట్లు దిగుచుండగా మన చెవిని పడు ప్రశ్న ఒకటి కలదు. "అబ్బాయిని ఏ గ్రూపులో చేర్చారండీ?" "అమ్మాయి డిగ్రీలో ఏం తీసుకుంది?" ఈ ప్రశ్నకు జవాబు చెప్పుటకు కొందరు తల్లిదండ్రులు ముందుకు వత్తురు, కొందరు చెప్పులు వెదకుకొను నెపమున ప్రక్కకు తొలగుదురు. ఈ చిన్న ప్రశ్న వెనుక నూట యేబది సంవత్సరముల చరిత్ర యున్నది. దానిని మన సంఘ సభ్యుల యెదుట ఉంచుటయే మా ఉద్దేశము.

మా సంగతి

ముందుగా మా సంగతియే చెప్పుకొనుట న్యాయము. మేము గ్రామ సంఘములో ఒక ఉపదేశి గారి కుమారులము. మన రాష్ట్రములో ఇంటర్మీడియట్ విద్య 1969లో ప్రవేశపెట్టబడినది. ఆ తరువాత కొలది సంవత్సరములకు మేము పదవ తరగతి ముగించి, తండ్రిగారి వెంట పట్టణములోని ఒక క్రైస్తవ కళాశాలకు పోతిమి. బల్ల వెనుక కూర్చున్న గుమాస్తా గారు కలము సిరాలో ముంచి, తల ఎత్తకయే "ఏ గ్రూపు?" అని అడిగిరి. మేము నోరు తెరచులోపల మా తండ్రిగారు "బైపీసీ అండీ" అనిరి. ఆ ఒక్క మాటతో మా చదువు నిర్ణయమైపోయెను.

తండ్రిగారిని తప్పు పట్టుటకు ఈ మాట వ్రాయుట లేదు. ఆ ప్రవేశపు రుసుము ఆయన జేబులోనిది కాదు. మా సంఘ స్త్రీలు పొయ్యి మీద ఎసరు పెట్టునప్పుడెల్ల పిడికెడు బియ్యము తీసి వేరు కుండలో వేసి, ఆదివారము గుడికి తెచ్చెడివారు. ఆ బియ్యము అమ్మగా వచ్చిన సొమ్ములో కొంత మా చదువునకు ఇయ్యవలెనని సంఘ పెద్దలు తీర్మానించిరి. వారి కోరిక ఒక్కటే: మన పేటలో ఒక డాక్టరు ఉండవలెను. కూలి నాలి చేసికొను తల్లులు తమ అన్నములో నుండి తీసి ఇచ్చిన బియ్యమునకు ఎదురు చెప్పుట ఎట్లు? మాకు చరిత్ర పాఠములనిన ప్రాణము. ఆ మాట ఎవరును అడుగలేదు, మేమును చెప్పలేదు.

వైద్య కళాశాలలో సీటు కొరకు రెండు మారులు ప్రయత్నించి రెండు మారులును విఫలులమైతిమి. ఆ తరువాత ఏమి జరిగెనో వ్యాసాంతమున చెప్పుదుము.

ఐచ్ఛిక విషయము

మద్రాసు విశ్వవిద్యాలయము 1857లో స్థాపింపబడెను. తెలుగు జిల్లాలలోని కళాశాలలన్నియు చాలకాలము దాని క్రిందనే యుండెను. మెట్రిక్యులేషన్ తరువాత రెండు సంవత్సరములు ఎఫ్.ఏ., ఆపైన రెండు సంవత్సరములు బి.ఏ. పందొమ్మిదవ శతాబ్ది చివరి భాగమున బి.ఏ. పరీక్షలో మూడు భాగములుండెను. ఒకటి ఇంగ్లీషు, రెండవది మరియొక భాష. ఈ రెండును అందరికిని తప్పనిసరి. మూడవది విద్యార్థి తానై ఎన్నుకొనునది. దానినే ఐచ్ఛిక విషయమనిరి. గణితము, భౌతిక శాస్త్రములు, ప్రకృతి శాస్త్రములు, తత్త్వశాస్త్రము, చరిత్ర – ఈ శాఖలలో ఒకదానిని పట్టవలెను. నేడు మేజర్ అని మనము పిలుచు దానికి మన దేశములో పూర్వరూపము ఇదియే.

క్రైస్తవ కళాశాలలలో వీనికి తోడు బైబిలు గంట ఒకటి యుండెను. ఏ శాఖ పుచ్చుకొనినను, ఏ మతమువాడైనను ఆ గంటలో కూర్చుండవలసినదే. ఎన్నిక ఒకవైపు, తప్పనిసరి మరియొకవైపు. ఈ రెంటి నడుమ మన కళాశాలలు నడచినవి.

ఈ విద్యకు దక్షిణ దేశమున ముఖ్య స్థానము మద్రాసు క్రైస్తవ కళాశాల. 1837లో స్కాట్లండు సంఘమునకు చెందిన జాన్ ఆండర్సన్ గారు ప్రారంభించిన పాఠశాల అది. 1862లో వచ్చిన విలియం మిల్లర్ గారి చేతిలో పెరిగి, 1877లో మద్రాసు క్రైస్తవ కళాశాల అను పేరు దాల్చెను. 1937లో తాంబరమునకు మారెను. తెలుగు వారిలో ఎందరో ఆ గుమ్మము దాటినవారే. ఆ గుమ్మము దాటిన ఇద్దరి కథలు చెప్పిన, చదువు నెన్నుకొనుట యనగా నేమో మనకు బోధపడును.

లెక్కలు చదివిన బిషప్పు

మొదటివారు వేదనాయకము శామ్యూలు అజరయ్య గారు. తిరునెల్వేలి ప్రాంతమున వెల్లాలన్‌విళై గ్రామమందు 1874 ఆగస్టు 17న ఒక గురువు గారి ఇంట పుట్టిన తమిళుడు. 1890ల తొలి సంవత్సరములలో మద్రాసు క్రైస్తవ కళాశాలలో గణిత శాస్త్రమును ఎన్నుకొని చదివెను. పట్టపు పరీక్షకు ముందు జబ్బుపడుటచే పరీక్ష ముగించలేదు. పట్టము రాలేదు.

మనవారు ఇట్టి దానిని నేటికిని "చదువు పాడైపోయింది" అందురు. కాని చరిత్ర మరియొక విధముగా చెప్పుచున్నది. ఆయన 1895లో వై.ఎం.సి.ఏ. కార్యదర్శిగా చేరి, దక్షిణ దేశమంతయు తిరిగెను. 1903లో తిరునెల్వేలి భారతీయ మిషనెరీ సంఘము స్థాపించుటలో ముందుండెను. ఆ సంఘము నైజాము రాజ్యములోని దోర్నకల్లును తన పొలముగా ఎంచుకొనగా, 1909లో తానే అక్కడికి వచ్చి, తెలుగు నేర్చి, గ్రామములలో పాదములు అరుగునట్లు తిరిగెను. 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్పుగా అభిషేకము పొందెను. ఆంగ్లికన్ సంఘములో భారతీయులలో మొట్టమొదటి బిషప్పు ఆయనయే. 1939లో దోర్నకల్లు ఎపిఫనీ కెతీడ్రలు ప్రతిష్ఠింపబడెను. 1945 జనవరి 1న ఆయన ప్రభువునందు నిద్రించెను.

ఎన్నుకొనిన చదువు ఒకటి, పిలుపు మరియొకటి. గణితము వలన ఆయనకు కలిగిన లాభమేమని ఎవరైన అడుగవచ్చును. సరియైన జవాబు మాయొద్ద లేదు గాని, పట్టము లేకున్నను మనుష్యుడు వ్యర్థుడు కాడని చెప్పుటకు మన తెలుగు సంఘములకు ఇంతకంటె దగ్గరి సాక్ష్యము లేదు.

పుస్తకములు చేసిన ఎన్నిక

రెండవవారు సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు. 1888 సెప్టెంబరు 5న తిరుత్తణిలో తెలుగు మాటలాడు బ్రాహ్మణ కుటుంబమున పుట్టిరి. తిరుపతిలో లూథరన్ మిషను పాఠశాలలోను, వెల్లూరులో వూర్హీస్ కళాశాలలోను చదివి, పదునారేండ్ల వయస్సున మద్రాసు క్రైస్తవ కళాశాలలో చేరిరి. ఏ శాఖ పుచ్చుకొనవలెనో తేలని సమయమున, అదే కళాశాలలో చదువు ముగించిన దాయాది ఒకరు తన తత్త్వశాస్త్ర పుస్తకములను ఆయనకు ఇచ్చివేసిరి. కొత్త పుస్తకములు కొనుటకు డబ్బులేని ఇల్లు. చేతికి వచ్చిన పుస్తకములే ఎన్నికను ముగించినవి. ఇరువదవ శతాబ్దిలో లోకము మెచ్చిన తత్త్వవేత్త తత్త్వశాస్త్రములో అడుగు పెట్టినది ఈ విధముగా.

ఇక్కడ మనము దాచకూడని సంగతి ఒకటి యున్నది. హిందూ మతమును గూర్చి మిషనెరీ అధ్యాపకులు చేసిన విమర్శలు ఆ బాలుని మనస్సును నొప్పించినవి. ఆ నొప్పియే ఆయనను తన పూర్వుల గ్రంథములను లోతుగా చదువునట్లు చేసెను. వేదాంతములో నీతికి చోటు లేదను విమర్శకు సమాధానముగా ఎం.ఏ. పట్టమునకు ఆయన వ్రాసిన సిద్ధాంత వ్యాసము 1908లో అచ్చుపడెను. దానిని చదివి మెచ్చుకొనినవారు ఎవరు? అదే కళాశాలలో తత్త్వశాస్త్రము బోధించు క్రైస్తవ మిషనెరీ ఆల్ఫ్రెడ్ జార్జి హాగ్ గారు. తమ విమర్శకే శిష్యుడు ఎదురు వ్రాయగా, దానిలోని పాండిత్యమును గుర్తించి ఆ గురువు మెచ్చుకొనెను. క్రైస్తవ కళాశాల యనగా ఎట్లుండవలెనో ఈ ఒక్క సంగతి చెప్పుచున్నదని మేమెంచుచున్నాము. రాధాకృష్ణన్ గారు 1931 నుండి 1936 వరకు ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షులుగా నుండి, 1962లో రాష్ట్రపతి అయిరి. ఆయన జన్మదినమున మన బడులలో ఉపాధ్యాయ దినోత్సవము చేసికొనుచున్నాము.

మన జిల్లాలలో

తెలుగు జిల్లాల సంగతికి వత్తము. మచిలీపట్టణములో చర్చి మిషనెరీ సొసైటీకి చెందిన రాబర్టు నోబులు గారు 1843లో ప్రారంభించిన ఇంగ్లీషు పాఠశాలయే నోబులు కళాశాలగా ఎదిగెను. మొదట అది అగ్ర వర్ణముల బాలుర కొరకే ఉద్దేశింపబడిన బడి. మన పితరులలో ఎక్కువ మందికి ఆ గుమ్మము తెరచుకొనలేదు. పేటలలోని బిడ్డలకు గ్రామపు బడి, బోర్డింగు బడి, ఆపైన ఉపదేశి శిక్షణ. వారి ఎన్నిక అంతవరకే. ఈ సంగతిని ఉత్సవ సంచికలో వ్రాయుట బాగుండదని ఎవరైన అనవచ్చును. కాని ఎన్నుకొను హక్కు అందరికిని ఒకే దినమున రాలేదని మన బిడ్డలు తెలిసికొనకపోయిన, దాని విలువ వారికి తెలియదు.

గుంటూరులో అమెరికా లూథరన్ మిషను వారి కళాశాల 1885లో ఆరంభమై, తరువాత ఆంధ్ర క్రైస్తవ కళాశాల అను పేరు పొందెను. మన ఏ.సి. కాలేజీ అదియే. అక్కడ తెలుగు బోధించినవారిలో విశ్వనాథ సత్యనారాయణ గారొకరు. 1970 సంవత్సరమునకు జ్ఞానపీఠ పురస్కారము పొందిన ఆ మహాకవి క్రైస్తవ కళాశాల గదులలో పాఠము చెప్పెను. అదే గుంటూరులో లూథరన్ వారి ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలలో గుఱ్ఱం జాషువ గారు తెలుగు పంతులుగా పనిచేసిరి. ఆయన వ్రాసిన క్రీస్తు చరిత్రకు 1964లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చెను. నేడు "తెలుగు మేజర్ తీసుకుంటే తిండి ఎక్కడ?" అని అడుగు తల్లిదండ్రులు ఈ ఇద్దరిని ఒకసారి తలచుకొనవలెను.

1910 ప్రాంతమున ఎఫ్.ఏ. పోయి ఇంటర్మీడియట్ వచ్చెను. ఒకే విషయమును లోతుగా చదువు ఆనర్సు తరగతులు ఏర్పడెను. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయము పుట్టెను. దానికి తొలి ఉపాధ్యక్షులైన కట్టమంచి రామలింగారెడ్డి గారును మద్రాసు క్రైస్తవ కళాశాల విద్యార్థియే.

ఆడబిడ్డల ఎన్నిక

ఆడపిల్లల విషయములో ఆలస్యము మరింత జరిగెను. 1915లో మద్రాసులో అనేక మిషనులు కలిసి స్త్రీల క్రైస్తవ కళాశాలను స్థాపించినవి. 1918లో వెల్లూరులో డాక్టరు ఐడా స్కడ్డరు గారు స్త్రీలకు వైద్య పాఠశాల తెరచిరి. ఆమెయును తానై ఈ వృత్తిని కోరుకొనినది కాదు. యువతిగా తల్లిదండ్రులను చూడ వచ్చినప్పుడు, ఒకే రాత్రి మూడు ఇండ్లవారు వచ్చి, ప్రసవ వేదనలో నున్న తమ స్త్రీలకు మగ వైద్యుని రానియ్యము, నీవు రమ్మని పిలిచిరి. ఆమెకు వైద్యము తెలియదు. తెల్లవారునప్పటికి ఆ ముగ్గురును మరణించిరి. ఆమె తిరిగి అమెరికా పోయి వైద్యము చదివి వచ్చెను.

వెల్లూరు విద్యాలయము 1942లో ఎం.బి.బి.ఎస్. స్థాయికి ఎదిగెను, 1947 నుండి మగ విద్యార్థులను చేర్చుకొనెను. సంఘములు సిఫారసు చేసి పంపిన విద్యార్థులు చదువు ముగిసిన తరువాత మిషను ఆసుపత్రులలో కొంతకాలము పనిచేయవలెనను ఒప్పందము అక్కడ నడచినది. మా సంఘ తల్లుల పిడికెడు బియ్యము వెనుక నున్న కోరిక ఎక్కడ పుట్టెనో దీనిని బట్టి గ్రహింపవచ్చును. ఆ కోరిక దురాశ కాదు. అది మూడు చావుల నుండి పుట్టిన కోరిక వంటిదే.

సముద్రము అవతల

మేజర్ అను మాట అమెరికా నుండి వచ్చినది. 1869లో హార్వర్డు అధ్యక్షులైన ఛార్లెసు ఎలియట్ గారు, విద్యార్థి తన ఇష్టము వచ్చిన పాఠములను ఎన్నుకొనవచ్చునను పద్ధతిని పెంచిరి. 1876లో ఆరంభమైన జాన్స్ హాప్కిన్సు విశ్వవిద్యాలయము ఆ దశాబ్దము చివరనే మేజర్, మైనర్ అను పేర్లను వాడెను. 1885లో, అనగా మన గుంటూరు కళాశాల పుట్టిన సంవత్సరముననే, న్యూయార్కులో ఎలియట్ గారికిని ప్రిన్‌స్టన్ కళాశాల అధ్యక్షులును ప్రెస్బిటీరియన్ గురువునైన జేమ్సు మెక్కాష్ గారికిని పెద్ద వాదము జరిగెను. యువకునికి పూర్తి స్వేచ్ఛ ఇయ్యుడని ఒకరు. మూల విషయములు అందరును చదువవలసినదే, పై తరగతులలో కొంత స్వేచ్ఛ చాలునని రెండవవారు. 1910లో హార్వర్డు వారే మధ్య మార్గమునకు వచ్చి, ఒక శాఖలో లోతుగాను, మిగిలిన శాఖలలో కొంత కొంతగాను చదువవలెనని నియమించిరి.

నేడు అమెరికాలోని క్రైస్తవ విశ్వవిద్యాలయములలో చదువుచున్న మన తెలుగు బిడ్డలు చెప్పునదేమనగా: చేరిన దినముననే శాఖను నిర్ణయింపనక్కరలేదు, సాధారణముగా రెండవ సంవత్సరము ముగియు లోపల తమ మేజర్‌ను ప్రకటించిన చాలును. అంతవరకు నాలుగు శాఖల రుచి చూచి, సలహాదారుడైన అధ్యాపకునితో కూర్చుండి మాటలాడి, అప్పుడు కాగితము మీద సంతకము చేయుదురు. మా బల్ల యెదుట జరిగిన దానికిని దీనికిని ఎంత భేదము! పదునైదేండ్ల బాలునికి ఒక నిమిషము. అక్కడ పందొమ్మిదేండ్ల వానికి రెండు సంవత్సరములు.

అయ్యగార్లకును ఎన్నిక కలదు

ఈ ఎన్నిక లోకపు చదువునకే పరిమితమని తలంపరాదు. విలియం కేరీ, మార్ష్‌మన్, వార్డు గార్లు 1818లో స్థాపించిన శ్రీరామపురము కళాశాలకు 1827లో డెన్మార్కు రాజు ఆరవ ఫ్రెడరిక్ పట్టములిచ్చు అధికార పత్రము దయచేసెను. 1915లో అక్కడ తొలి బి.డి. పట్టములు ఇయ్యబడెను. 1964లో రాజమండ్రిలో ఏర్పడి, 1973లో హైదరాబాదునకు మారిన మన ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాల దాని క్రిందిదే. ఆ పద్ధతిలో ఎం.టిహెచ్. చేయగోరు గురువు పాత నిబంధన, క్రొత్త నిబంధన, వేదాంతము, సంఘ చరిత్ర మొదలగు శాఖలలో ఒకదానిని ఎన్నుకొనవలెను. మన పాస్టరేటునకు వచ్చిన అయ్యగారు ఏ శాఖలో చదివిరో ఎన్నడైన అడిగితిమా? అడిగిన, వారి ప్రసంగములు మనకు మరింత బోధపడును.

నేటి సంగతి

ఆంధ్రప్రదేశ్‌లో 2023-24 విద్యా సంవత్సరమున డిగ్రీ చదువులో పెద్ద మార్పు తెచ్చిరి. అంతకు ముందు మూడు విషయములు సమానముగా కలిపి చదివెడివారు. ఆ సంవత్సరము ఒక మేజర్, ఒక మైనర్ అను పద్ధతి పెట్టిరి. ఏది మేజరుగా తీసికొనవలెనని ఇండ్లలో వాదములు చెలరేగినవి. మా సంఘములో ఒక బాలిక చరిత్ర మేజర్ కోరుకొనెను. తండ్రి కంప్యూటరు అనెను. తల్లి ఏడ్చెను. ఇరుపక్షములవారును మాయొద్దకు వచ్చిరి. మేము ఎవరి పక్షమున తీర్పు చెప్పలేదు. ఒక్క సంగతి మాత్రము చెప్పితిమి. దానిని ఇక్కడ వ్రాసి ముగింతుము.

వైద్య విద్య దొరకక, మేము తలవంచుకొని బి.ఏ.లో చేరి, చరిత్ర చదివి, ఉపన్యాసకులమైతిమి. చాల సంవత్సరములు మా సొంత సంఘమునకు పోవుటకు ముఖము చెల్లలేదు. పిడికెడు బియ్యము తీసిన తల్లులు కనబడుదురేమోనని భయము. ఒక క్రిస్మసు పండుగకు పోయినప్పుడు ఒక ముసలి విధవరాలు మా చేయి పట్టుకొనెను. ఆమెకు వృద్ధాప్యపు పింఛను రావలెనన్న వయస్సు రుజువు కావలెను. బడి మొగము చూడని ఆమెకు ఏ కాగితమును లేదు. సంఘపు బాప్తిస్మపు రిజిస్టరులో ఉండవలెను గాని, చెదలు తినిన ఆ పాత గొలుసుకట్టు వ్రాతను ఎవరును చదువలేకపోయిరి. మేము మూడు దినములు గుడి అరుగు మీద కూర్చుండి, పుట పుట త్రిప్పి, ఆమె తండ్రి పేరు, ఊరు, బాప్తిస్మపు తేదీ పట్టుకొంటిమి. పాత కాగితములను చదువుట మాకు చరిత్ర నేర్పిన విద్య. అదే రిజిస్టరులో నుండి మరి పదునొకండుగురి వయస్సులు బయటపడినవి.

తేదీ చదివి వినిపించినప్పుడు ఆమె, "అయితే మా అమ్మ నన్నెత్తుకుని ఈ గుళ్లోనే నిలబడిందన్నమాట" అనెను. కొంతసేపటికి, "డాక్టరువి కాకపోతేనేం నాయనా, మా లెక్క నువ్వే తీశావు" అనెను. అప్పటి నుండి మేము ప్రతి పండుగకును సంఘమునకు పోవుచున్నాము.

ఆ బాలికయు ఆమె తల్లిదండ్రులును ఇది విని ఇంటికి పోయిరి. ఆమె చరిత్రను మేజరుగాను, కంప్యూటరు పాఠములను మైనరుగాను తీసికొనెనని తరువాత తెలిసినది.

తల్లిదండ్రులకు మా మనవి ఒక్కటే: బల్ల యెదుట నిలువకమునుపే బిడ్డను అడుగుడి. సంఘ పెద్దలకు మనవి: సహాయము చేయునప్పుడు చదువునకు చేయుడి, మీరు కోరిన ఉద్యోగమునకు కాదు. పాస్టరేటు కమిటీలవారు ప్రతి వేసవిలో ఒక సాయంకాలము మన సంఘములోని వైద్యులు, ఉపాధ్యాయులు, నర్సులు, గుమాస్తాలు, రైతులు మొదలగువారిని యౌవనస్థుల యెదుట కూర్చుండబెట్టి, తమ పనిని గూర్చి చెప్పించిన ఎంతో మేలు. యౌవనస్థులారా, తలాంతుల ఉపమానములో యజమానుడు దాసులకు ఒకే లెక్కగా ఇయ్యలేదు. ఇచ్చిన దానిని ఏమి చేసితిరని మాత్రము అందరిని అడిగెను. మీరు ఏ చదువు నెన్నుకొనినను, మన పేటలలో పిడికెడు బియ్యము తీసిన చేతులను మరువకుడి. రాబోవు నూరు సంవత్సరములలోను మన బిడ్డలకు ప్రభువు మంచి ఎన్నికను, దానికి తగిన ఓపికను దయచేయును గాక.